ఎడమచెయ్యి

బళేపేటలో గాజుల అంగడి మేడమీద ఒక పళ్ల డాక్టరు ఉండేవాడు. పుచ్చుపన్ను తొలిచే ముందు ఎవరికైనా ఆయన చెప్పేది ఒకటే మాట.

"నొప్పైతే ఎడమచెయ్యి ఎత్తప్పా. నిలిపేస్తాను."

అన్నట్టే నిలిపేసేవాడు. చెయ్యి లేచిందంటే చాలు, మిషను మీట మీద నుంచి కాలు తీసేసేవాడు. నొప్పి లేకపోయినా భయానికి నేను ఎత్తిన రోజులున్నాయి. ఒక్కసారీ విసుక్కోలేదు.

"తొలిచేది నేనైనా నొప్పి నీదప్పా. ఎప్పుడు నిలపాలో నువ్వే చెప్పాల," అనేవాడు.

తొంభైల చివర్లో ఒక పొద్దున, నా దవడపన్ను తొలుస్తుండగా మిషను ఆగిపోయింది. నేను చెయ్యెత్తలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. అది సన్నగా వణుకుతోంది. కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టబోయాడు. వణుకు తగ్గలేదు.

మిషను పక్కన పెట్టేశాడు. గుంటలో మందుదూది కుక్కి, చిక్కపేటలో ఇంకో డాక్టరు దగ్గరికి పొమ్మని చీటీ రాసిచ్చాడు. అక్షరాలు వంకరలు పోయాయి.

"ఏమైంది సార్? నేను చెయ్యెత్తలేదే!" అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూస్తూ, తన ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తాడు.