ఈ కొస జెర పట్టు

రాంచందర్ లెక్కలో లోకంలోని మనుషులు రెండు రకాలు. ఆయన రబ్బరు పట్టీ రెండో కొస పట్టినవాళ్ళు, ఇంకా పట్టనివాళ్ళు. బొంతపల్లికి పోయే దారిలో ఉన్న ఆ ఊళ్ళో రెండో రకం వాళ్ళు ఈ మధ్య బాగా తగ్గిపోయారు. మిగిలిన నలుగురూ ఆయన ఎదురొస్తుంటే సందు మార్చి పోతున్నారు.

ఆ పట్టీ నాలుగు మూరల పొడవు, అరచెయ్యంత వెడల్పు, పసుపు రంగు. ఇంట్లో కసరత్తు చేసుకునేవాళ్ళు అలాంటిదాన్ని కిటికీ చువ్వకో తలుపు గొళ్ళేనికో కట్టి, తమ మానాన తాము గుంజుకుంటారు. రాంచందర్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. పటాన్‌చెరులో ఇరవై ఆరేళ్ళుగా ఫిట్టర్ పని చేస్తున్న మనిషి. తుప్పు పట్టిన బోల్టులతో పొద్దంతా కుస్తీ పట్టి వస్తాడు.

"ఇంటికొచ్చి గూడ గొళ్ళెంతోనే కొట్లాడాల్నా? అవుతల మనిషుండాలె. మనిషి పడితేనే మజా!" అంటాడు.

అందుకని ఎవరు కనబడినా సరే, పలకరింపు లేదు, కుశలం లేదు. ఒక కొస వాళ్ళ చేతిలో పెట్టేసి ఒకటే మాట: "ఈ కొస జెర పట్టు."

గ్యాసు బండ తెచ్చిన జైపాల్ కథ ఊరందరికీ తెలిసిందే. బండ దించి, చెమట తుడుచుకుని, "ఓటీపీ చెప్పన్నా, ఇంకా పద్దెనిమిది ఇండ్లున్నయి" అన్నాడు పాపం.

"చెప్త గని, ముందు ఈ కొస జెర పట్టు."

"టైం లేదన్నా."

"ఐదు గుంజుళ్ళకు ఒక అంకె చెప్త. నాలుగంకెలకు ఎంతసేపు?"

నాలుగో అంకె చేతికొచ్చేసరికి జైపాల్ చొక్కా పిండితే బిందెడు నీళ్ళు వచ్చేటట్టుంది. అప్పటినుంచి అతను రాంచందర్ డ్యూటీకి పోయిన సమయం కనుక్కుని మరీ బండ తెస్తున్నాడు.

కిరాణా కొట్టు కిషన్‌రావు సంగతి ఇంకా ఘోరం. ఆయన కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని చక్కెర జోకుతున్నాడు. రాంచందర్ గల్లా ఇవతలినుంచి కొస అందించి, కాళ్ళు తన్నిపెట్టి గుంజాడు.

"సేటు, కదలకు! కదిల్తే లాభం లేదు!"

"నేను కదుల్తలేను రాంచందరూ, కుర్సీ కదులుతుంది!"

సేటు, కుర్చీ, చక్కెర పొట్లం ముగ్గురూ కలిసి పప్పుల బస్తాల దాకా ప్రయాణం చేశారు. మర్నాటికి కొట్టు ముందు అట్టముక్క వేలాడింది: 'ఇచ్చట రబ్బరు పట్టబడదు.'

పైగదిలో కిరాయికుండే పింటూ ఒక్కడే ఎప్పుడూ కాదనేవాడు కాదు. బీహార్ నుంచి వచ్చి రేకుల కంపెనీలో పని చేస్తాడు, అంకుల్ అంటే గౌరవం. ఒక ఆదివారం పట్టీ తాడులా సాగి ఉన్న సమయంలో అతని ఫోను మోగింది. తల్లి ఫోను. పింటూ రెండు చేతులతోనూ ఫోను ఎత్తాడు. కొస వచ్చి రాంచందర్ మూతిని ముద్దాడింది. పై పెదవి రెండు రోజులు గారెలా పొంగి ఉంది.

"సారీ అంకుల్, ఘర్ సే ఫోన్ థా."

"ఫోన్ ఎత్తురా, వద్దన్ననా? రబ్బరెందుకు విడిస్తివిరా!"

ఈ పిచ్చిని చూసి ఊరంతా నవ్వుతుంటే, ఆయన భార్య నర్సింహమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. మొగుడి పిచ్చి ఆమెకు కొత్త కాదు. కానీ ఆ రబ్బరు పట్టీ అసలు ఆమెది. ఆ మాట బయటికి చెప్పుకునే దారి లేదు.

శివరాత్రి నాటి నుంచి ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేస్తే చాలు, లోపల ఎవరో మేకు దిగ్గొట్టినట్టుండేది. పై అరలోని డబ్బాలు ఎడమ చేత్తో తీసేది. కొప్పు ఎడమ చేత్తో చుట్టేది. అది ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి, అలిగినట్టుండేది. నొప్పి సంగతి ఒక్కరికి కూడా చెప్పలేదు. కారణం తోటికోడలు అండాలు.

ఆ ఇంట్లో శ్రావణంలో పోచమ్మకు బోనం తీస్తారు. దానికి అత్తగారు ఎన్నడో పెట్టిన కట్టు ఒకటుంది. గడపలో పీట మీద పెట్టిన బోనం కుండను పెద్ద కోడలు ఒంటిగా నెత్తికెత్తుకోవాలి. ఇంకో చెయ్యి తగలకూడదు. తగిలిందా, మరుసటేటి నుంచి బోనం చిన్న కోడలిది. అండాలు చెడ్డది కాదు. కానీ ఇరవై రెండేళ్ళుగా ప్రతి శ్రావణం "అక్కా, సాయం పట్టాల్నా?" అంటూ రెండు చేతులూ చాపి, క్రికెట్టులో క్యాచ్ కోసం నిలబడ్డట్టు నిలబడుతుంది.

అందుకే నర్సింహమ్మ స్టీలు గిన్నెలు కొనుక్కొస్తానని చెప్పి, పటాన్‌చెరులో కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే పోయింది. ఆమె ఈ పసుపు పట్టీ, ఒక బొమ్మల కాగితం చేతిలో పెట్టి, "రోజూ దీన్ని పట్టుకుని గుంజాలి. చెయ్యిని మెల్లమెల్లగా పైకి తేవాలి. నాలుగైదు నెలలు పడుతుంది" అంది. తిరుగు బస్సులో నర్సింహమ్మ ఆలోచించుకుంది. ఈ వయసులో రబ్బరు పట్టుకుని ఎగిరితే ఇంట్లో చూస్తారు. ఇంట్లో చూస్తే మొగుడు కంపెనీ బస్సులో చెబుతాడు. బస్సులో చెబితే సాయంత్రానికి అండాలు చేతులు చాపుకుని వస్తుంది. ఇల్లు చేరగానే పట్టీని, కాగితాన్ని బియ్యం డ్రమ్ము అడుగున పాతిపెట్టింది.

వారం తిరక్కముందే రాంచందర్ నిధి దొరికినవాడిలా వంటింట్లోంచి బయటికొచ్చాడు.

"ఏమే! మిల్లోడు బియ్యంల ఫ్రీ గిఫ్టు పెట్టిండే!"

నాది అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకని అడిగితే భుజం బయటపడుతుంది. నర్సింహమ్మ "మిల్లోడు మంచోడు" అని మాత్రం అనగలిగింది. మరి కాగితం? అది అడుగునే ఉండి ఉంటుందిలే అనుకుంది. డ్రమ్ము ఒంచి చూద్దామంటే చెయ్యి సహకరించదు.

ఆనాటి నుంచి పొద్దున ఆరింటికి, కంపెనీ బస్సు రాకముందు, ఆమెకు తప్పని తద్దినం మొదలైంది.

"ఏమే, ఈ కొస జెర పట్టు."

"పొయ్యి మీద పాలున్నయయ్యా."

"పాలు బిడ్డ చూస్తది. ఊరోళ్ళంత పట్టిన్రు, నువ్వు పట్టవా? అగో, ఎడమ చెయ్యి వద్దు. అరిష్టం. కుడి చేత్తో పట్టు."

"మందికి లేని అరిష్టం నాకేంది?"

"మంది మందే, ఇంట్లోళ్ళు ఇంట్లోళ్ళే. నొప్పైతే చెప్పు, ఆపుత."

"ఎవరి నొప్పి?"

"నాదే! నీకేం నొప్పే, గుండ్రాయి లెక్కున్నవ్."

మొదట్లో ఆయన నేల మీద పీటేసుకుని కూర్చుని గుంజేవాడు. రెండు వారాలకు కుర్చీ ఎక్కాడు. ఉగాది దాటాక మంచం మీద నిలబడ్డాడు. ఎండాకాలంలో నీళ్ళ డ్రమ్మును బోర్లించి దానిమీద నిలబడితే, దారిన పోయేవాళ్ళు ప్రహరీ మీదుగా తల ఒక్కటే చూసి దండాలు పెట్టి పోయారు. ఆషాఢం వచ్చేసరికి డాబా మెట్ల మీదికి చేరాడు. నర్సింహమ్మ కింద, ఆయన పైన, మధ్యలో పసుపు పట్టీ.

వాళ్ళ బిడ్డ తనుశ్రీ సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల కంపెనీలో సరుకు నాణ్యం చూసే ఉద్యోగం చేస్తుంది. లోపం కనబడితే ఊరుకోదు.

"డాడీ, లోకంల అందరు కిందనే నిలబడి చేస్తరు. నువ్వేంది, వారం వారం పైకి పోతున్నవ్?"

"మనిషన్నంక ఎదగాలె బిడ్డా."

"గిట్లనే ఎదిగితే వినాయక చవితికి వాటర్ ట్యాంకు మీద ఉంటవ్."

ఎక్కడం హుషారుగా ఎక్కేవాడు గానీ, దిగేటప్పుడు ఎడమ మోకాలు కటకటమని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేవాడు. "ఈ వయసుల ఈ కోతి చేష్టలెందుకయ్యా?" అని నర్సింహమ్మ కసిరితే, "రబ్బరుకు వయసేందే?" అనేవాడు.

శ్రావణం మూడో ఆదివారం రానే వచ్చింది. నర్సింహమ్మకు పొద్దుటి నుంచి అన్నం సయించలేదు. రబ్బరు గుంజకుండా చెయ్యి తనంతట లేస్తుందో లేదో పరీక్షించి చూసుకునే ధైర్యం కూడా లేక, నెలల తరబడి ఎడమ చేత్తోనే నెట్టుకొస్తోంది. వాకిట్లో డప్పులు మోగుతున్నాయి. గడపలో పీట మీద పసుపు పూసిన కుండ, వేపరెమ్మలు, పైన దీపం. ఎదురుగా కొత్త చీరలో అండాలు, రెండు చేతులూ చాపి.

"అక్కా, సాయం పట్టాల్నా?"

"జరుగవ్వా, దీపం తగుల్తది."

డప్పులవాళ్ళ వెనక రాంచందర్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆరోజు ఆయన చేతిలో పట్టీ లేదు. ఎవరినీ ఏదీ పట్టమనలేదు.

నర్సింహమ్మ వంగి కుండను రెండు చేతులా పట్టింది. కళ్ళు మూసుకుంది. "పోచమ్మ తల్లీ!" అని ఎత్తింది. రొమ్ము దాకా వచ్చింది. ఇక్కడే మేకు దిగాలి. దిగలేదు. గదవ దాటింది. నొసలు దాటింది. మేకు కోసం ఎదురుచూస్తుండగానే బోనం చుట్టకుదురు మీద కూర్చుంది. కళ్ళు తెరిస్తే తన కుడి చెయ్యి నెత్తికి పైన, కుండ అంచు మీద ఉంది. ఎవరిదో చెయ్యి అనుకుని ఒక క్షణం కంగారు పడింది కూడా.

అండాలు చాపిన చేతులు వృథా పోకుండా చప్పట్లు కొట్టింది. "అబ్బ, ఏం ఎత్తినవక్కా! ఏటికేడు నీకు బలమొస్తుందేంది?"

"తల్లి మహిమ" అంది నర్సింహమ్మ. గుడి దాకా అదే నమ్మింది. పోచమ్మకు పట్టుచీర కూడా మొక్కుకుంది.

సోమవారం బట్టలు ఉతకబోతూ మొగుడి ప్యాంటు జేబులు తడిమితే ప్లాస్టిక్ కవరు చేతికి తగిలింది. అందులో నాలుగు మడతల కాగితం. పైన తన పేరు, వయసు, కుడి భుజం. డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మల కాగితమే. ఒక్కో బొమ్మలో చెయ్యి కాస్త కాస్త పైకి లేస్తూ ఉంది. ఒక్కో బొమ్మ పక్కన పెన్సిలుతో రాసి ఉంది: పీట. కుర్సీ. మంచం. డ్రమ్ము. మూడో మెట్టు. ఆరో మెట్టు. చెయ్యి నిటారుగా పైకి పోయిన ఆఖరి బొమ్మ పక్కన 'బోనం'.

పోచమ్మ చేతిరాత అంత అడ్డదిడ్డంగా ఉండదు.

కింద డాక్టరమ్మ కొత్తగా రాసిన వాక్యం ఉంది: 'నొప్పి అంటే వెంటనే ఆపాలి. నెలకోసారి వచ్చి చెప్పాలి.' దాని పక్కన నాలుగు తేదీలు. నాలుగూ, కంపెనీలో పని ఎక్కువైందని ఆయన ఆలస్యంగా వచ్చిన రోజులు. ఒక మూలన మళ్ళీ పెన్సిలు: 'మందితో గూడ పట్టియ్యాలె. లేకుంటే దానికి అనుమానం వస్తది. అండాలుకు తెల్వద్దు.'

కసరత్తు చెయ్యమంటే నర్సింహమ్మ చచ్చినా చెయ్యదు. కానీ జెర పట్టమని అడిగితే, ఎవరినీ కాదనలేదు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ మాత్రం కనిపెట్టకపోతే ఆయన ఫిట్టరెందుకయ్యాడు? జైపాల్ చెమట, కిషన్‌రావు కుర్చీ, పింటూ చేసిన గారె పెదవి ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, ఆమె బకెట్టు పక్కనే కూలబడి నవ్వింది. బకెట్టు నిండి నీళ్ళు వాకిలి దాటి పోతున్నా నల్లా కట్టెయ్యాలని తోచలేదు. ప్యాంటు ఉతికి, ఆరాక, కాగితాన్ని ఏ జేబులోంచి తీసిందో ఆ జేబులోనే పెట్టింది.

మర్నాడు పొద్దున ఆరింటికి రాంచందర్ పట్టీతో మెట్లవైపు పోబోయి ఆగిపోయాడు. నర్సింహమ్మ అప్పటికే వాకిట్లో కుర్చీ వేసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆయన చేతిలోంచి పట్టీ లాక్కుని, "కూసో" అంది.

"ఏందే?"

"నాకు చేతులు ఊకనే గుంజుతున్నయి. ఈ కొస జెర పట్టు. కాలితోటి."

"కాలితోనా!" ఆయన కుడి కాలు ముందుకు చాపాడు.

"కుడిది వద్దు. అరిష్టం. ఎడమది చాపు."

"ఎడమకాలు అరిష్టమని విన్న గని, కుడికాలు అరిష్టమని ఏ పంతులు చెప్పిండే?"

"నా కుడి చెయ్యి సంగతి ఏ పంతులు చెప్పిండో, ఆయనే."

రాంచందర్ చెయ్యి తనంతట తానే ప్యాంటు జేబు మీదికి పోయింది. కాగితం అక్కడే ఉంది. ఆమె ముఖం చూశాడు. ఆ ముఖంలో ఏమీ లేదు. మరీ ఏమీ లేనంతగా ఏమీ లేదు. ఎడమ కాలు చాపాడు. ఆమె పట్టీని పాదానికి చుట్టి, కుడి చేత్తో గట్టిగా పట్టుకుంది.

"తన్ను. మెల్లగ. నొప్పైతే చెప్పు."

"ఎవరి నొప్పి?"

"నాదే. నీకేం నొప్పయ్యా, గుండ్రాయి లెక్కున్నవ్."

పళ్ళు తోముకుంటూ పైనుంచి తొంగిచూసిన పింటూ చప్పుడు చెయ్యకుండా గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ అంకుల్ ఒక్కడే. ఇప్పుడు ఆంటీకి కూడా మొదలైంది.