నెల తప్పిన నాటి నుంచి

మొన్న దోహాలో, అల్ మన్సూరాలోని మా ఫ్లాట్‌లో పప్పుకు పోపు వేస్తుంటే, ఇంగువ ఘాటులోకి టీవీలోంచి ఒక పెద్దమనిషి గొంతు వచ్చిపడింది. మన దేశంలో గర్భస్రావం గడువును, భర్త పోయినవాళ్లలాంటి కొందరికి, ఇరవై వారాల నుంచి ఇరవై నాలుగుకు పెంచారు కదా, దానివల్ల సర్కారు ఆసుపత్రుల బడ్జెట్‌మీద ఎంత భారమో చెబుతున్నాడాయన. డాక్టర్లట, స్కానింగులట, మంచాలట. నాకు ఒళ్లు మండిపోయింది. పోపూ మాడింది. రజియా ఆపా ఉంటేనా, నడుముమీద చేతులు పెట్టుకుని ఆయన్ని కడిగిపారేసేది.

ఆపాది నిజామాబాద్ దగ్గర పల్లె. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు; మేమంతా ఆమెను ఆపా, అంటే అక్క, అనేవాళ్లం. ప్రపంచకప్పు కోసం దోహా అంతా తవ్విపోస్తున్న రోజుల్లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఓ చిన్న క్లినిక్‌లో ఆమె నర్సు, నేను ముందు బల్లదగ్గర పేర్లు రాసుకునే గుమస్తాను. తెనాలిలో డిగ్రీ చదివానన్న పొగరు నాకు బాగానే ఉండేది. చేరిన వారమే, ఎండదెబ్బ తగిలి వచ్చిన కూలీని హెల్త్ కార్డు చూపించమని నిలబెట్టాను. ఆపా లోపలినుంచి ఉరికొచ్చింది. "ముందుగాల కూసోబెట్టు, నీళ్లియ్యి! కార్డు యాడికి పోదు, మనిషి పోతడు" అని అందరిముందూ దులిపేసింది. ఆ రోజు నాకు రోషం వచ్చింది గానీ, మనిషిని చూడటం నేర్పినవి ఆ చీవాట్లే.

ఆ ఎండాకాలమే లక్ష్మి వచ్చింది. జగిత్యాల వైపు పిల్ల. అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో ఇంటిపని చేసేది. స్టేడియం దగ్గర రోడ్డుపని చేసే భర్త, పనిలోనే కుప్పకూలి చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఊళ్లో తల్లిదగ్గర ఇద్దరు పిల్లలు, కడుపులో ఇంకొకరు.

"ఆయన లేడు ఆపా. ఉన్న ఇద్దరినే ఎట్ల సాదాలె? నాకిది వద్దు" అంది. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

ఇక్కడి చట్టం ఒప్పుకోదు. మన దగ్గర అప్పటి గడువు ఇరవై వారాలు, అవి నిండకముందే ఊరు చేరాలి. ఎన్నో నెల అని అడిగాను. "నెల తప్పినకాడికెల్లి మూడు నెలల పదిహేను దినాలు" అంది. మా అమ్మా, పిన్నీ, మా వీధి వీధంతా అలాగే లెక్కపెడతారు. నేనూ అలాగే పదిహేను వారాలని రాశాను. డాక్టర్ల లెక్క ఆఖరుసారి ముట్టయిన రోజు నుంచి మొదలవుతుంది. అంటే పంతొమ్మిది. ఆ ముక్క నాకు తెలియదు. తెలిసిన ఆపా వేరే రోగితో సతమతమవుతూ నా కాగితం చూసి, "ఇంక అయిదు వారాలున్నయి" అంది.

కొత్త పనిమనిషి వచ్చేదాకా రెండు వారాలు ఆగమంది లక్ష్మి యజమానురాలు. ఆమె సంతకం లేనిదే దేశం దాటలేరు. ఎలాగూ టైముందిలే అని మేమే నచ్చజెప్పాం. అయ్యో, మేమే!

లక్ష్మి ఊరు చేరాక కరీంనగర్‌లో స్కాన్ ఇరవై ఒక్క వారాలంది. ఆసుపత్రిలో కాదు పొమ్మన్నారు. ఎవరిదగ్గరో ఏవో మాత్రలు మింగింది. పన్నెండు రోజులు పెద్దాసుపత్రిలో కొట్టుమిట్టాడి చనిపోయింది.

ఆ సంగతి చెప్పి లక్ష్మి అన్న ఫోన్ పెట్టేశాక ఆపా నావైపు తిరిగింది.

"పన్నెండు దినాల రక్తం, మందులు, మిషన్లు, అన్నీ సర్కారువే. పోరగాండ్లిద్దరు ఇగ సర్కారు హాస్టల్లనే పెరుగుతరు. ఒక్కదినం వైద్యం మిగిలించి ఇంత ఖర్చు పెట్టిండ్రు సునీతా. మనిషి సుత దక్కలే."

"తప్పు నాదే కదా ఆపా?"

"నీదే. నాది సుత. రాసింది చూసిన గని మళ్ల అడగలే." కళ్లు తుడుచుకుంది. "ఏడ్వు. రేపు ఏడింటికి డ్యూటీ."

నీ తప్పేంలేదని నన్ను ఓదార్చినవాళ్లు తరవాత చాలామంది. వాళ్లెవరి మాటా నాకు ఆనలేదు. ఆ మాట ఆపా ఒక్కసారీ అనలేదు. నన్ను ఆ బల్లదగ్గరినుంచి లేపనూ లేదు. ఆ గడువు పెంచేనాటికి లక్ష్మి పోయి ఏళ్లయింది. ఆపా కూడా ఇప్పుడు లేదు. ఆ బల్లదగ్గర నేనింకా ఉన్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆఖరు ముట్టు తారీఖు మూడుసార్లు అడుగుతాను.

నిన్న ఒకమ్మాయి విసుక్కుంది. "ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"ఇంకొక్కసారి చెప్పు తల్లీ" అన్నాను.