రాతి గోదాముకి ఎండుచేపలు

తంజోంగ్ పగార్ వెళ్ళే ట్రైన్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన సంచిలోంచి ఎండుచేపల వాసన గుప్పుమంటోంది. ఎదుటి సీటులోని అమ్మాయి ముక్కు మూసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆయన నవ్వాడు. నేను ఫోనులో మాట్లాడుతుండగా విన్నాడేమో, "తెలుగా తంబీ?" అని పలకరించాడు. మలేషియాలో పుట్టి పెరిగాడట, తెలుగులో అక్కడి మాటలు దొర్లుతున్నాయి.

"ఇక్కడ ఒక పాత రాతి గోదాము ఉంది. మా నాయన ఇరవై ఏళ్ళు అందులో మూటలు మోసినాడు. సరుక్కి ఎండుచేపల వాసన పడుతుందని ఓనరు లోపల మకాన్, అదే భోజనం, చెయ్యనిచ్చేవాడు కాదు. వానొచ్చినా బయటే తినాల. ఒకరోజు తడవలేక లోపలికొచ్చి తింటుంటే, క్యారియర్ లాక్కుని మురిక్కాలవలో విసిరేసినాడు."

"ఆ గోదాము ఇంకా ఉందా అంకుల్?"

"టూరిస్టులకి రూములు చేసినాడు, వాడి మనవడు. నేనూ రెండ్రోజులకి ఒకటి బుక్ చేసినా." సంచి తెరిచి చూపించాడు. చేపల పొట్లం కింద చిన్న కరెంటు పొయ్యి ఉంది. "కిటికీలు తెరుచుకోవు లా. ముందే పోయి చూసొచ్చినా."

"పట్టుకుంటే?"

"పట్టుకోనీ. మా నాయన పేరు చెప్తా."

ఆయన దిగిపోయాక కూడా వాసన పోలేదు.

అదే ఊళ్ళో, హౌగాంగ్‌లో నేను అద్దెకున్న గదికి ఓనరమ్మ పెట్టిన షరతు ఒకటుంది. నీళ్ళు కాచుకోవచ్చు, మన కూరలు మాత్రం వండకూడదు. మూడేళ్ళుగా తల ఊపుతూ వచ్చాను. ఆ ఆదివారం ఆవిడ ఇంట్లో ఉండగానే, ఆవిడ వంటింట్లోనే ఎండుచేపలు వేయించాను. ఆవిడ అరుస్తూ వచ్చేసరికి మంట ఇంకాస్త పెంచాను.