ముప్పై రెండో వారం కథ

పోయిన మంగళవారం పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు పక్కింటి కోడలు గోడ మీదుగా నన్ను పిలిచింది. "పెద్దమ్మా, అత్తమ్మ లేస్తలేదు. జర రాండ్రి" అంది. వెళ్లి చెయ్యి పట్టుకుని చూశాను. అప్పటికే చల్లబడి ఉంది. మా మట్టెవాడ గల్లీలో నలభై ఆరేళ్లు నాకు పక్కింటి చెల్లెగా ఉన్న మనిషి నిద్రలోనే వెళ్లిపోయింది.

వాళ్లది కిరాణా కొట్టు. మధ్యాహ్నమంతా పాత కాగితాలతో పొట్లాలు చుడుతూ కూచునేది. గల్లీలో ఏ పిల్ల ఏడ్చినా ఊరుకోమనేది కాదు. "జర నీళ్లు తాగి ఏడువు బిడ్డా, ఎండిన గొంతుతోని ఏడిస్తె నొస్తది" అనేది. నీళ్లు తాగేలోపు పిల్ల ఏడుపు సంగతి మరిచిపోయేది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినా ఆ విద్య నాకు పట్టుబడలేదు.

ఆమె చదువు రెండో తరగతితో ఆగిపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మా ఇంటికి వచ్చే వారపత్రికలో ఒక మాయల నవల సీరియల్‌గా వచ్చేది. చెరువు అడుగున ఉన్న లోకానికి ఒక తల్లి తన కూతుర్ని వెతుక్కుంటూ పోయే కథ. ప్రతి గురువారం నాలుగు గంటలకు మా అరుగు మీద చదివి వినిపించేదాన్ని. అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తే పత్రిక మూసేసేదాన్ని. ఆమె నవ్వి, మరుసటి వారం పది నిమిషాల ముందే వచ్చి కూచునేది. "వినేటోళ్లకు ఓపిక ఉంటెనే చదివేటోళ్లకు నోరొస్తది అక్కా" అనేది.

ముప్పై రెండో వారం ఆఖరి భాగం వచ్చింది. దానికి పది రోజుల ముందే ఆమె మూడు నెలల పాప జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆమె సరిగా మెతుకు ముట్టలేదని అందరికీ తెలుసు. అయినా నాలుగింటికి వచ్చి నా పక్కన కూచుంది. నేను ముందుగానే చదివాను. కథలో కూతురు తల్లిని గుర్తుపట్టదు. తల్లి ఒక్కతే ఒడ్డుకు వస్తుంది. నా నోరు ఆ వాక్యాలు పలకలేదు. కూతుర్ని చంకన ఎత్తుకుని తల్లి ఇల్లు చేరిందని చదివాను. పిల్లల చిన్న అబద్ధాన్ని కూడా సహించని మనిషిని నేను. ఆ ఒక్కటీ లోపల దాచుకున్నాను.

పోయిన ఏడు దసరా సెలవుల్లో ఆ నవల సినిమాగా వచ్చింది. గల్లీలోని నలుగురం వెళ్దామని ఆమే అందరినీ కూడగట్టింది. నేను మోకాళ్ల నొప్పి అన్నాను. ఎదురింటి వదిన ఊరుకోలేదు. "మన నలుగురికి మోకాళ్లు ఎనిమిది, పనిచేసేటివి మూడే. నీకే కొత్తగ నొచ్చినయా వదినె?" అంది. చెల్లె మాత్రం, నేను రాకపోతే తనూ పోనంది. ఇక తప్పలేదు.

హనుమకొండ థియేటర్‌లో ఆమె నా పక్క కుర్చీలో కూచుంది. నీళ్లలో తేలే మేడలు, మాట్లాడే చేపలు చూసి మిగతా ఇద్దరూ చిన్నపిల్లలయ్యారు. నేను మాత్రం ఆఖరుకు ఇంకెంత ఉందో లెక్కపెట్టుకుంటున్నాను. ఇన్నేళ్ల తర్వాత నా మాట అబద్ధమని తెలిస్తే ఈ మనిషి నన్నెట్లా చూస్తుంది? తెర మీద తల్లి ఒంటరిగా ఒడ్డుకు వచ్చింది. నేను తెర చూడలేదు, ఆమె ముఖమే చూశాను.

"ఇట్లనే అయితదని నాకు ఎరుకే అక్కా" అంది మెల్లగా.

"ఎట్లా తెలుసు?" అన్నాను.

"నువ్వు చదువుతాంటె నీ వేలు వరుస కింద పోతుండె. ఆ దినం వేలు ఆగింది, నోరు ఆగలే."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితె నిజం చెప్తవు గద" అంది. "ఆ దినం ఇంటికి పోయి కడుపునిండ తిన్న. పాప పోయినంక అదే మొదలు" అంది.

సినిమా అయిపోయింది. జనం లేచారు. మిగతా ఇద్దరూ మెట్ల వైపు నడిచారు. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. ఆమె లేవలేదు. ఇంతమంది కష్టపడితే పేర్లన్నా వినాలి కదా, చదవమంది. చీపుర్లు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు తలుపు దగ్గర నిలబడి మా కోసం చూస్తున్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. దీపాలు పట్టినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, అన్నం వండినవాళ్లు. వాళ్లు నా నోటికంటే తొందరగా పైకి పోతున్నారు. అయినా ఒక్క పేరు కూడా విడవకూడదని వేగంగా చదువుతున్నాను. ఆమె తెర వంక చూడటం లేదు. గాలిలో వరుస వెంట కదులుతున్న నా వేలినే చూస్తూ, ఒక్కో పేరుకు తల ఊపుతోంది.