చెరువు మరవ పారితే ఇచ్చే పొట్టేలు

ఈ కాలపు రగ్గుల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. మెత్తగా ఉంటాయి, పువ్వులూ ఉంటాయి. చినుకు పడితే మాత్రం మనకంటే ముందు అవే తడుస్తాయి. మా నాయన కంబళి అట్లా కాదు. ఒళ్లు గీరేది, గొర్రె వాసన కొట్టేది, వాననీటిని మాత్రం లోపలికి రానిచ్చేది కాదు. అది మా ఊరి నల్లగొర్రెల బొచ్చు.

నేను అనంతపురంలో బి.ఏ. చదివే రోజుల్లో ఆ నల్లగొర్రెలను బాగుచేయాలని పైవాళ్లకు తోచింది. ఊరికొక తెల్లటి సీమపొట్టేలును ఇచ్చి, నల్లపొట్టేళ్లన్నింటికీ ఇక పిల్లలు పుట్టించకుండా విత్తులు నొక్కేయమన్నారు. ఆ పని మీద వచ్చిన పశువుల కాంపౌండరు సాయిబు మంచి మనిషి. నొక్కే ముందు ప్రతిదాన్నీ గడ్డం కింద నిమిరేవాడు. సాయంత్రానికి మా పొట్టేలొక్కటే మిగిలింది.

"పట్టుకో అన్నా," అన్నాడు సాయిబు.

"దీన్ని ముట్టుకోవద్దప్పా. అమ్మవారికి మొక్కిండాము," అన్నాడు నాయన.

ఆ నిమిషం దాకా మా ఇంట్లో అలాంటి మొక్కేదీ లేదు. సాయిబు చేయి వెనక్కి తీసుకున్నాడు. "దేవుని సొమ్ము జోలి నాకెందుకన్నా. ఎప్పుడు కోసేది?"

నాయన ఈ ప్రశ్న ఊహించలేదు. నలుగురిలో అమ్మవారి పేరు ఎత్తితే మొక్కుకున్నట్టే, కోసి తీరాలి. కాసేపు ఆకాశం వైపు చూసి, "చెరువు మరవ పారినాక," అన్నాడు.

మరవ అంటే, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే రాతికట్టు. మా ఊళ్లో దాని మీద జొన్నలు ఆరబోసేవారు. ఇంతకంటే గట్టి జీవితబీమా జిల్లాలో ఇంకోటి ఉండదనుకున్నాను.

సీమపొట్టేలు మరుసటి ఎండాకాలం దాటలేదు. పాపం, అదేమీ కోరి వచ్చింది కాదు. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే తమ గొర్రెలను మా దొడ్డికి తోలుకొచ్చారు. పెద్దది ఉంది కదా అని నాయన మా మందలోని పోతుపిల్లలను అప్పటికే సంతలో అమ్మేశాడు. ఇక ఊరి మొత్తానికీ నల్లవిత్తనం అదొక్కటే. వచ్చిన గొర్రెలు చూలు కట్టకముందే వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

ఊరంతా సంబరపడుతుంటే, నాయన ఒక్కడే మాటిమాటికీ మరవ దాకా పోయి వచ్చేవాడు. నీళ్లు రాతి అంచుకు జానెడు దూరంలోకి వచ్చాయి. నాయన గంప, పార పట్టుకుని బయలుదేరాడు. మరవ మీద మట్టి వేసి ఎత్తు పెంచితే ఇంకొంత నీరు నిలుస్తుందని మా వైపు అప్పుడప్పుడూ చేసే పనే అది. ఊరి పనికి ఎన్నడూ ముందు లేవని మనిషి లేచాడని జనం మెచ్చుకుని, తామూ పారలు తెచ్చారు. నేనూ గంప మోశాను. మట్టి పెరిగింది. నీళ్లూ పెరిగాయి. చెరువుకట్ట నడుమ ఒకచోట చెమ్మ ఊరసాగింది.

అప్పుడే అమ్మ సంగటి మూట తెచ్చింది. ఆ చెమ్మ వైపు చూసింది. కంబళి కప్పుకుని ఇంకో గంప నింపుతున్న నాయన వైపు చూసింది.

"కట్ట తెగితే నీ పొట్టేలు బతికే ఉంటాదిలే. దాన్ని మేపేకి ఊరు ఉండొద్దా?"