కంపెనీదే ఉండాలన్నాను

మోత అంటే నాకు అసహ్యం. పాట వేరు, మోత వేరు. మా సందులోకి ఏదైనా కారు వస్తే ముందు దాని మోత వస్తుంది, తర్వాత కారు వస్తుంది. వంటింట్లో గిన్నెల మీద మూతలు వణుకుతాయి. లోపల కూర్చున్నవాడి చెవుల సంగతి అటుంచి, వాడి కడుపులో పేగులు ఎట్లా నిలిచి ఉంటాయో నాకు అంతుపట్టదు. అలాంటి మోత ఒకనాడు మా కారులోకే వచ్చింది. అదీ నేను స్పీకర్ల దుకాణం ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నప్పుడు.

మేముండేది కాప్రాలో. మా కారు చిన్నది, పాతది. మా ఆయన రిటైరయినప్పుడు కొన్నాడు. పాత దుప్పట్లు కోసి సీట్లకు కవర్లు నేనే కుట్టాను. ఆయనకు చూపు మందగించాక నడపడం మానేశాడు. ఇప్పుడు మా మనుమరాలు అందులో ఆఫీసుకు పోతుంది. పగలంతా కారు ఆమెది, సాయంత్రం మాత్రం మా ఆయనది.

ఆయనకు కారు కావలసింది నడపడానికి కాదు, వినడానికి. కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమచెవిలో కొంచెం మిగిలింది. కొడుకు చెవి మిషన్ కొనిచ్చాడు. అది పెట్టుకుంటే మనుషుల మాట తప్ప ఫ్యాను, కుక్కరు, పక్కింటి కుక్క అన్నీ వినబడుతున్నాయని దాన్ని చొక్కా జేబులో వేసుకుని తిరుగుతాడు. ఇంట్లో రేడియో పెట్టినా అంతే, మాట గోడల్లో కలిసిపోతుందంటాడు. అదే కారులో ఎడమ సీట్లో కూర్చుని, అద్దాలు ఎక్కించి రేడియో పెడితే, పక్క తలుపులో ఉన్న స్పీకరు నుంచి వార్తలు ముక్క ముక్కా వినబడేవి.

విని వచ్చి నాకు చెప్పేవాడు. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని. పేపరులో ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కుని ఒక వార్త ముగించేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటుతుంది. లోకంలో ఏం జరిగిందో నాకు ఆయన నోటి నుంచే తెలియాలి. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటాను, మధ్యలో కాదంటాను, ఆయన అవునంటాడు. ఇన్నేళ్ల కాపురం తర్వాత మొగుడూ పెళ్లాలకు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? మాకు అదే మిగిలింది.

ఇట్లా ఉండగా కుడి పక్క ముందు తలుపులో స్పీకరు చెడింది. పగిలిన చాటలో బియ్యం చెరిగినట్టు గరగర. మనుమరాలు నాలుగు తలుపుల్లోవీ మార్చేస్తానంది.

"ఒక్క పన్ను పుచ్చితే నోరంత పీకిచ్చుకుంటమా?" అన్నాను.

"నానమ్మా, అవి అట్ట స్పీకర్లు. బేస్ లేదు, ఏం లేదు. నా దోస్తులు ఎక్కితే సిగ్గయితుంది."

"సిగ్గయితే బస్సుల పొమ్మను."

"నా జీతంలకెల్లి పెట్టుకుంట. నిన్నేమన్న అడిగిన్నా?"

జీతం ఆమెదే, కాదనను. మంచిగా ఉన్న మూడింటిని పారేసే హక్కు జీతంతో వస్తుందా? నేనూ వస్తానని కారెక్కాను.

దుకాణం ఏ.ఎస్. రావు నగర్‌లో. దగ్గరికి పోగానే రబ్బరు వాసన, కార్లలో పెట్టే సెంటు వాసన, గుట్కా వాసన కలిసి కొడితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. గోడ నిండా స్పీకర్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటిలో ఒకటి ఎవరూ వినకపోయినా మోగుతూనే ఉంది. ఫిట్టరు నడివయసు మనిషి. దవడలో ఉన్నది మూలకు ఉమ్మి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, అదే చేతితో మా కారు తలుపు తీశాడు. ఆ తలుపును నేను వారం వారం తడిబట్టతో తుడుస్తాను.

"చూడు బిడ్డా, కడమ మూడు ఏమన్న చేస్కో. ఎడమ దిక్కు ముందు తలుపుకు మాత్రం కంపెనీదే ఉండాలె. మా ముసలాయన దాంట్లనే వింటడు" అన్నాను.

"కంపెనీదే ఉంటది అమ్మా. ఫికర్ చెయ్యకు."

"మళ్ల చెప్తున్న. కంపెనీది."

"అరే, మేం గసొంటోళ్లం కాదమ్మా. కంపెనీదే!"

అంత గట్టిగా అన్న మనిషిని ఇంకేం అడుగుతాం? బయట స్టూలు మీద కూర్చున్నాను. కారు ఎడమ పక్క గోడవైపు ఉంది. మిషనుతో రేకు కోస్తుంటే పళ్లు జివ్వుమన్నాయి. మా తలుపు కాదులే అనుకున్నాను.

సాయంత్రం మా ఆయన ఎప్పటిలాగే పోయి కూర్చున్నాడు. కాసేపటికే తలుపు తీసుకుని దిగాడు.

"ఏందే ఇది? బోనాలు ఇంక అయిపోలేదా?"

"వార్తలయ్యా!" అని ఎడమచెవి దగ్గర అరిచాను.

"వార్తలకు డప్పెందుకు?"

నేను పోయి విన్నాను. వార్తలు చదివే మనిషిని ఇత్తడి బిందెలో కూర్చోబెట్టి మీద మూత పెట్టినట్టుంది. మాట మాటకూ తలుపు జేబులో నీళ్ల సీసా గజగజ వణుకుతోంది. మనుమరాలు వచ్చి బేస్ తగ్గించింది, శబ్దమంతా ఎడమవైపుకే తిప్పింది, ఇంకేదో పెంచింది. అప్పుడు పోపులో నీళ్లు చిలికినట్టు ఒకటే చుయ్యిమంది. నాకే మాట తెలియలేదు, ఆయనకేం తెలుస్తుంది?

"అలవాటయితది తాతా" అంది.

ఆయన మళ్లీ ఎక్కి, వార్తలు అయ్యేదాకా కూర్చుని, లోపలికి వచ్చాడు.

"ఏమన్నరు?" అని అడిగాను.

"ఏం లేదు."

మర్నాడు కారు దగ్గరికి పోనే లేదు. ఆ మర్నాడు పిలిచినా లేవలేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. నేను ఈనెలు తీస్తున్నాను. ఇద్దరి మధ్యా చిక్కుడుకాయ విరిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్పేవాళ్లు ఏ చెవిటివాడి పెళ్లాన్నీ అడిగి ఉండరు. శంఖం వినబడుతుంది. వినబడనిది మాటే.

ఆదివారం మనుమరాలిని లేపి దుకాణానికి బయలుదేరదీశాను.

"కంపెనీది పెట్టుమంటే ఏం పెట్టినవ్?" అని ఫిట్టరును అడిగాను.

"కంపెనీదే అమ్మా! డబ్బ చూడు, వారంటీ సుత ఉంది. లోకల్ మాల్ నేను ముట్టనే ముట్ట."

"ఏ కంపెనీది?"

"స్పీకర్ల కంపెనీది."

"నేనన్నది కారు కంపెనీది! కారుతోని వచ్చింది!"

ఫిట్టరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో అమ్మా! దాన్ని కంపెనీది అంటరా? పాతది అంటరు!"

మా ఇంట్లో వస్తువుతో పాటు వచ్చింది కంపెనీది. కుక్కరు మూత, మిక్సీ జారు, ఏదైనా అంతే. బజారులో పేరున్న కొత్త సరుకు కంపెనీది. ఒక్క మాట పట్టుకుని ఇద్దరం చెరో దిక్కు పోయాం. అయినా తప్పు నాదని ఒప్పుకోను. ముసలాయన దాంట్లోనే వింటాడని కూడా చెప్పాను గదా? ఇంకా పెట్టనిదాంట్లో ఎట్లా వింటాడు?

మనుమరాలు నవ్వాపుకుంటోంది. "పాతది అంటే అయిపోవు గద నానమ్మా."

"మంచిగున్నదాన్ని పాతది అని ఎట్లంట?"

తీసినవి ఎక్కడ పెట్టావంటే, పాత సామాను కొనే కబాడీవాడికి వేసే సంచి చూపించాడు. దానిమీద ఎవరో ఉమ్మారు కూడా. చీర కుచ్చిళ్లు ఎగదోపి నేనే చెయ్యి పెట్టాను. తీగలు తెగ్గోసిన స్పీకర్లు, చచ్చిన ఎలుకల్లా ఒకదానిమీద ఒకటి. ఇంకా పలికేవాటిని ఎవరైనా ఇట్లా పడేస్తారా? మా కారుకు ముందు తలుపులవి రెండూ ఒక తీరువి, వాటిలో కుడిది చిరిగింది. ఆ తీరులో చిరగనిది ఏరి కొంగుతో తుడిచాను.

"ఇది పెట్టు."

"కూసోదమ్మా. కొత్తది పెద్దదని తలుపు కోసినం."

తలుపులో ఉన్న కొత్తది విప్పి చూపించాడు. నిక్షేపంలాంటి రేకు, కుక్క కొరికిన రొట్టెలా ఉంది. నా ఒళ్లు మండింది.

"కమ్మలు పెద్దయని చెవులు కోస్తరా?"

"అందరిదీ గట్లనే చేస్తం అమ్మా. గిది కూసోవాలంటే కట్టె రింగు చెయ్యాలె. ఇప్పుడు కట్టె లేదు. రేపు రండ్రి."

రేపు అన్న మాట నమ్మి నేనెప్పుడూ బాగుపడలేదు. మనుమరాలిని తోలుకుని ఇంటికి పోయి, కాళ్లు విరిగిన మా చపాతీ పీట పట్టుకొచ్చాను. గుండ్రంగా ఉంది, గట్టి కట్టె.

ఫిట్టరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "నా సర్వీసుల చపాతీ పీట కొయ్యలేదమ్మా!"

"కడిగే తెచ్చిన. ముందుగాల నీ చేతులు కడుక్కో."

కడుక్కున్నాడు. పీట అంచు చెక్కి, నడుమ గుండ్రంగా తొలిచి, తలుపుకు మరలతో బిగించి, మా స్పీకరును అందులో కూర్చోబెట్టాడు. ఈసారి స్టూలు గోడవైపు వేయించుకుని, చివరి మర దాకా చూశాను.

"కార్ల రొట్టెలు చేస్తరా అని అడుగుతరు ఆఫీసుల" అని మనుమరాలు గొణిగింది. అడగనీ. మిగతా మూడింట్లో ఆమె ఎంత మోత పెట్టుకున్నా పగటిపూట నేనుండను. సాయంత్రం కారు ఇంటికి రాగానే శబ్దం ఆ ఒక్క తలుపుకే తిప్పి తాళం తాతకు ఇవ్వాలి. అది ఒప్పుకున్నాకే కారెక్కాను.

ఆ పూట మా ఆయన రానంటే రానన్నాడు. రెక్క పట్టుకుని తీసుకుపోయి ఎడమ సీట్లో కూర్చోబెట్టి, అద్దం ఎక్కించి, తలుపు వేసి నేను వంటింట్లోకి వచ్చేశాను. నిలబడి చూస్తే ఆయనకు కోపం. వార్తలు అయ్యే వేళ దాటింది. రాలేదు. పళ్లెం పెట్టాను, అన్నం వడ్డించాను.

అప్పుడు వచ్చాడు. కూర్చుని చెయ్యి కడుక్కున్నాడు.

"ఉల్లిగడ్డ ధర దిగుతదంట."

"ఎవడన్నడు? పొద్దుగాల్నే కూరగాయల బండాయన పెంచె."

"రేడియోల అన్నరే."

"పిరమైతది అని ఉంటరు. నీకు సక్కగ వినబడలే."

"ఎందుకు వినబడలే? మంచిగ వినబడ్డది! దిగుతదనే అన్నరు. లారీలు వస్తున్నయన్నరు."

"లారీలు వస్తే బండాయన దాక వస్తయా?"

రావని నేను, వస్తాయని ఆయన. అన్నం చల్లారిపోయింది.