తాళానికి ఫోటో

మాది సిరిసిల్ల. తాళం వేశానో లేదోనని గల్లీ చివరి నుంచి నాలుగుసార్లు వెనక్కి రావడం నా జబ్బు. యూట్యూబ్‌లో ఒక మహానుభావుడు, తాళాన్ని ఫోటో తీసుకుని అనుమానం వచ్చినప్పుడల్లా చూసుకొమ్మని సెలవిచ్చాడు.

మొన్న కొండగట్టుకు వెళ్తూ అలాగే చేశాను. బస్సు దిగేదాకా ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. దర్శనం క్యూలో ఉండగా పక్కింటి రాజవ్వ ఫోన్ చేసింది.

"ఏందే లతా, మీ అత్తను ఇంట్ల వెట్టి తాళమేసినవా? పొద్దటి సంది ఒర్రుతున్నదట. గీ సాంచాల చప్పుడుల ఎవ్వలకు ఇనవడలే. ఇప్పుడు కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఇనవడ్డది!"

బీడీలు చుట్టడానికి వెళ్లిందనుకున్న అత్తమ్మ నేను తాళం వేసేటప్పుడు స్నానం చేస్తోందట. బయటి నుంచే దేవుడికి దండం పెట్టి, పరుగెత్తుకొచ్చి తాళం తీశాను.

"చూపియ్యే, గా ఫోటోల నేను పడ్డనా?" అంది అత్తమ్మ.

ఎప్పటిలా వెనక్కి వచ్చి తాళం లాగి చూసి ఉంటే, సాంచాలు ఎంత మోగుతున్నా రెండోసారికే తలుపు వెనక ఆమె కేకలు వినపడేవి. నా జబ్బుకున్న బుద్ధి ఆ మహానుభావుడి వైద్యానికి లేదు.